బావగారి నల్లదుంగ

మా బావగారు దేన్నయినా మోకాలికి అడ్డంగా పెట్టి నొక్కి చూస్తారు. వంగితే పారేస్తారు, వంగకపోతే ఇంటికి తెచ్చుకుంటారు. లోకంలో ఉన్న సమస్త వస్తువులకీ ఆయన దగ్గర ఉన్న పరీక్ష ఇదొక్కటే. పార కర్ర, గుర్రం జీను, బడి బెంచీ, సంతలో ముల్లంగి, అన్నీ ఆ మోకాలి ముందు హాజరు కావలసిందే. కూతురికి సంబంధం వచ్చిన రోజున పెళ్ళికొడుకుని కూడా ఎక్కడ నొక్కి చూస్తారోనని, మా తోడికోడలు సల్తనత్ అక్క ఆయన ఒళ్ళో ఒక పెద్ద దిండు పెట్టి కూర్చోబెట్టింది.

ఆయన పేరు నేను చెప్పను. చెప్పకూడదు. కోడలు అత్తింటి పెద్దల పేరు నోటితో పలికిందంటే మా వైపు కొంపలంటుకుంటాయి. ఊరందరికీ ఆయనకో పేరుంది, పాస్‌పోర్టులో ఉంది, గుర్రాల సంఘం బోర్డు మీద పెద్ద అక్షరాలతో ఉంది. నాకు మాత్రం పంతొమ్మిదేళ్ళుగా ఆయన మా ఆయన అన్నగారు, బావగారు, అంతే.

ఈ మోకాలి పిచ్చి ఊరికే పట్టింది కాదు. మా కొండ ఊరు కోక్‌జార్‌లో బొగ్గుగని నడిచిన రోజుల్లో, పైకప్పు కూలకుండా ఆనించే దుంగలు ఏరడం ఆయన ఉద్యోగం. "దుంగ వంగిందంటే కింద నలుగురు పోయినట్టే" అంటారు. గని మూతపడింది, దుంగలు పోయాయి, మోకాలు మిగిలింది. తరువాత మా కొండ మీద మంచులో జారడానికి దేశదేశాల నుంచి జనం రావడం మొదలుపెట్టారు. గనివాళ్ళంతా గైడులయ్యారు, గనివాళ్ళ పెళ్ళాలంతా వంటవాళ్ళమయ్యాము.

ఎనిమిదేళ్ళ కిందట మా ఇంట్లో దిగిన స్విట్జర్లాండ్ కుర్రాడొకడు ఒక స్నోబోర్డు తెచ్చాడు. నల్లటిది, నా నుదుటి దాకా పొడుగు. నాలుగు రోజులు దాంతో కుస్తీ పట్టి, ఐదో రోజు కాలికి కట్టు కట్టించుకుని, "ఇది బోర్డు కాదు, మొండిగాడిద" అని తిట్టి, మా గోడకి ఆనించి వెళ్ళిపోయాడు. బావగారు వచ్చి దాన్ని మోకాలికి పెట్టి నొక్కారు. వంగలేదు. ఇంకా నొక్కారు. మోకాలు వాచింది గానీ బోర్డు వంగలేదు. అంత వెలుగు ఆయన మొహంలో పెళ్ళినాడు కూడా చూడలేదని సల్తనత్ అక్క ఇప్పటికీ దెప్పుతుంది.

ఆ రోజు నుంచి దాని పేరు నల్లదుంగ. యాభై ఏళ్ళ వయసులో దాని మీద నిలబడడం నేర్చుకున్నారు. రెండు చలికాలాలు పడ్డారు, మూడో చలికాలానికి ఊళ్ళో ఆయన్ని మించిన గైడు లేడు. ఇక మెత్తటి బోర్డు వేసుకునే వాళ్ళని చూస్తే ఆయనకి జాలి. కుబాన్ అని ఇంకో గైడు ఉన్నాడు, పని లేనప్పుడల్లా కొండ కింది కొట్టు దగ్గర ఆయన్ని గిల్లడమే పని.

"మామా, నీ దుంగ చెట్ల మధ్య తిరగదట కదా?"

"చెట్లు దగ్గరదగ్గరగా పుట్టాయి. అది బోర్డు తప్పా?"

"ఎత్తుపల్లాల మీద పళ్ళు రాలతాయట?"

"గట్టి పళ్ళు పెట్టించుకో."

"మెల్లగా పోతే అసలు మాట వినదట?"

"మెల్లగా పోవాలంటే గాడిద ఉందిగా, ఎక్కు."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే మనిషితో వాదించి ఎవడు గెలుస్తాడు?

ఇక నా సంగతి. పదకొండేళ్ళు మా ఇంట్లో దిగే అతిథులకి వండాను. ఉల్లిపాయలు తరుగుతూ కొండ గురించి వాళ్ళు చెప్పుకునే కబుర్లన్నీ విన్నాను. ఏ వాలులో ఏ మంచు పడుతుందో, ఏ గాలికి పైన పెంకు కడుతుందో, అంతా చెవుల గుండానే నేర్చాను. మెదెర్, అంటే మా ఆయన, పాత బోర్డు పడేస్తే దొంగచాటుగా ఇంటి వెనక వాలు మీద జారడం కూడా పట్టుబడింది. గైడుల పరీక్ష మా లోయకి మూడేళ్ళకోసారి వస్తుంది. నలభై దాటితే కొత్తవాళ్ళని రాయనివ్వరు. కిందటేడు శరత్కాలానికి నాకు ముప్పై తొమ్మిది. మార్చిలో పరీక్ష. ఇది తప్పితే బతుకంతా ఉల్లిపాయలే.

ఒక సాయంత్రం అందరూ టీ తాగుతుంటే ధైర్యం చేసి అనేశాను. "ఈసారి పరీక్షకి నేనూ కూర్చుంటాను."

మెదెర్ నవ్వి టీ మీద పోసుకున్నాడు. కుబాన్ అక్కడే ఉన్నాడు, వాడికి వెక్కిళ్ళు వచ్చాయి. "వదినా, కొండ మీద పిండి కలిపి బోర్సోక్‌లు వేయిస్తావా?" అన్నాడు. సల్తనత్ అక్క కూడా నవ్వింది, ఆ నవ్వే నాకు గుచ్చుకుంది.

బావగారు నవ్వలేదు. నన్ను పైనుంచి కింద దాకా చూశారు. నా వెన్నుని ఆ మోకాలికి పెట్టి నొక్కుతున్నట్టే అనిపించింది.

"వంగుతావా?" అన్నారు.

"వంగను" అన్నాను.

లేచి వెళ్ళి నల్లదుంగ తెచ్చి నా ముందు పెట్టారు. "రేపటి నుంచి దీని మీద నేర్చుకో. మెత్తదాని మీద నేర్చుకున్నోళ్ళు మెత్తగానే ఉంటారు."

"మరి మీకు?"

"నాకు అల్మాటీ పట్నం నుంచి కొత్తది వస్తోంది. దీనికన్నా గట్టిది. రెండు వారాల్లో."

మరునాడు పొద్దున్న ఆయన కొండకి వచ్చిన అవతారం చూసి మా గుర్రాలు కూడా బెదిరాయి. గని రోజుల నాటి మీసాలు, గొర్రెచర్మం టోపీ, చేతిలో ఒక గులాబీ రంగు బోర్డు. దాని మీద నవ్వుతున్న పిల్లి బొమ్మ. పట్నం ఆడపిల్లలకి అద్దెకిచ్చే గుడిసెలోంచి తెచ్చుకున్నారు. దాని ముక్కు పట్టుకుని ఊపితే తోక దాకా అల్లాడుతుంది.

"ఏంటి మామా ఇది?" కుబాన్ కళ్ళు తుడుచుకుంటూ అడిగాడు.

"మెత్తదెంత దరిద్రమో లోకానికి చూపించాలని. నా కొత్తది వచ్చేదాకా."

అలా మొదలైంది. మొదట బండి దారి. మంచు చదును చేసే బండి తిరిగి తిరిగి అక్కడ నేల గాజులా ఉంటుంది. నేను నల్లదుంగ మీద నిలబడి మర్యాదగా తిరగమన్నాను. అది తిన్నగా పోయి కంచెలో ఆగింది.

"బతిమాలావు" అన్నారు బావగారు. "ఇది బతిమాలితే వినదు, చెప్తే వింటుంది. ముందు కాలు మీదికి పూర్తిగా రా. సగం మనసుతో వచ్చావో, కంచెలోకే తీసుకుపోతుంది."

పూర్తిగా వాలాను. అంచు గాజుమంచులోకి కత్తిలా దిగింది. బోర్డు గిరుక్కున తిరిగింది. నా గుండె కూడా దాంతోపాటే తిరిగింది. వెనక్కి చూద్దును కదా, పిల్లి బోర్డు మీద బావగారు నిలవలేక, కూర్చుని, అలా కూర్చున్నట్టే కొట్టు గుమ్మం దాకా జారిపోతున్నారు. పోతూపోతూ అరుస్తున్నారు. "చూశారా! మెత్తదాని బతుకు! అంచు పట్టదు! అందరూ చూడండి!"

మొదటిసారి పిండిమంచులోకి తీసుకెళ్ళినప్పుడు నడుము లోతు మంచు. భయపడి మెల్లగా పోయాను, మునిగాను. తవ్వి బయటికి తీశారు. మళ్ళీ పోయాను, మళ్ళీ మునిగాను.

"పరుగెత్తించు దాన్ని. పొడుగు ముక్కు దానికి ఎందుకిచ్చారు? జోరు మీద ఉంటే పైకి తేలుతుంది. జంకితే పాతిపెడుతుంది."

జోరు పెంచాను, తేలాను. ఆ సుఖం ఎలా ఉంటుందో చెప్పలేను. పదకొండేళ్ళ ఉల్లిపాయల కన్నీళ్ళన్నీ ఆ ఒక్క వాలులో ఆరిపోయాయి.

ఇక చెట్లు. అబ్బో, ఆ చెట్లు! సూదాకుల చెట్ల మధ్య సందులు ఇంతింత. అక్కడ జోరుకి చోటు లేదు, జోరు లేకపోతే నల్లదుంగ తిరగదు. తొడలు మండిపోయాయి. నాలుగో మలుపులో ఒక చెట్టుని కావలించుకున్నాను.

"చెట్టు వంగిందా?" పైనుంచి బావగారు అడిగారు.

"లేదు!"

"మంచి చెట్టు. గుర్తుపెట్టుకో."

"బోర్డు తిరగట్లేదు బావగారూ!"

"బోర్డుకేమీ కాలేదు. నువ్వు గెంతు. దాన్ని ఎత్తి పక్కన పెట్టు, గొర్రెపిల్లని ఎత్తి పెట్టినట్టు. తిరగనిదాన్ని తిప్పడమే పని."

ఆయన మాత్రం పిల్లి మీద ఆ చెట్ల మధ్య నుంచి సులువుగా, మెలికలు తిరుగుతూ వచ్చేశారు. మీసాల కింద నవ్వు కనపడింది. నేను చూశానని తెలిసి వెంటనే మొహం ముడుచుకుని "ఛీ, మెత్తది" అన్నారు.

ఈ లోపల అల్మాటీ బోర్డు వస్తూనే ఉంది. డిసెంబరులో సరిహద్దు దాటింది. జనవరిలో కనుమ మూసుకుపోయింది. ఫిబ్రవరిలో లారీ డ్రైవరు కూతురి పెళ్ళి. "పెళ్ళి అయ్యాక బయల్దేరతాడట" అన్నారు బావగారు, ఎంతో నమ్మకంగా. ఈ లోపల గాలికి పైన పెంకు కట్టిన వాలులో పిల్లి బోర్డు ఆయన్ని మూడుసార్లు విసిరేసింది. మంచుచరియ జారి గడ్డలు గడ్డలుగా పడ్డ లోయలో నల్లదుంగ నన్ను రోడ్డు రోలరులా తిన్నగా తీసుకుపోతుంటే, వెనక ఆయన బోర్డు ముక్కు తడిసిన అట్టలా కొట్టుకుంటోంది. ఒక్కసారి కూడా "అమ్మాయ్, నా బోర్డు నాకివ్వు" అనలేదు. నాకు తెలివి లేక, నిజంగా కొత్తది వస్తోందనే అనుకున్నాను.

వాకీటాకీ నేర్పినప్పుడు మాత్రం గొడవైంది. కొండ మీద పిలిచేటప్పుడు మనిషి పేరు రెండుసార్లు చెప్పాలి, అప్పుడే అవతలివాడు పలకాలి. ఈ నియమం బావగారిదే, ఊరందరికీ ఆయనే నేర్పారు.

"చెప్పు, నన్ను పిలు."

"బావగారూ, బావగారూ."

"బావగారంటే కొండ మీద నలుగురికి నలుగురు బావగార్లు. పేరు పెట్టి పిలు. నియమం వంగదు."

"నా నోరూ వంగదు."

ఇద్దరం అక్కడే ఆగిపోయాం. సల్తనత్ అక్క విని, "పరీక్షలో మార్కులు పోతాయే బురుల్" అంది. పోతే పోనీ అన్నాను గానీ, రోజూ పొద్దున్న ఆవు పాలు పిండుతూ దూడకి ఆయన పేరు చెప్పి చూసేదాన్ని. నోరు తెరుచుకునేది, పేరు మాత్రం వచ్చేది కాదు.

మార్చి వచ్చింది. పరీక్షకి ముందు రెండు రోజులు ఎండ కాసి అంతా కరిగి, ఆ మీదట గడ్డకట్టుకుపోయింది. పైన పెంకు, మధ్యలో ఇటుకల్లాంటి గడ్డలు, కింద గాజు. రాజధాని బిష్కెక్ నుంచి వచ్చిన పరీక్షాధికారి ఎమిల్‌బెక్ నా బోర్డుని వేలితో తట్టి చూశాడు.

"ఇది మగాళ్ళకే కష్టం. అద్దెగుడిసెలో తేలికవి ఉన్నాయి, తీసుకుంటావా?"

"వద్దండి. దీంతోనే వస్తాను."

"నీ ఇష్టం. పరీక్ష ఇది: ఊళ్ళో పాత గైడుల్లో ఒకరిని ఒక్కొక్కరికీ అతిథిగా ఇస్తాం. శిఖరం మీద నుంచి ఊళ్ళోకి క్షేమంగా దింపాలి. దారి నువ్వే ఎంచుకో. అతిథి మూడుసార్లు పడితే నువ్వు తప్పినట్టు."

చీట్లు తీశారు. నా అతిథి ఎవరో చూసి కుబాన్ మంచులో కూలబడి నవ్వాడు. పక్కన గులాబీ పిల్లితో బావగారు నిలబడి ఉన్నారు. ఆయన మొహం పాలిపోయింది.

"అమ్మాయ్" అన్నారు మెల్లగా, "ఈ మంచు మీద ఇదీ, నేనూ... నీ పరీక్ష పోతుందేమోనే."

అంత మెత్తటి గొంతు ఆయన నోట ఎప్పుడూ వినలేదు. నాకు భయం పోయి కోపం వచ్చింది. "పోదు. నా వెనకే రండి" అన్నాను.

గుర్రాల మీద శిఖరానికి వెళ్ళాం. పైన పెంకు మీదే ఆయన రెండుసార్లు పడ్డారు. పది నిమిషాల్లో రెండు! ఎమిల్‌బెక్ కాగితం మీద రెండు గీతలు గీశాడు. ఇక ఒక్కటే మిగిలింది.

అక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది. ఎడమ పక్క విశాలమైన లోయ, గడ్డకట్టిన మంచుచరియ గడ్డలు. నల్లదుంగకి అది పుట్టిల్లు, అందులో కళ్ళు మూసుకుని దిగగలను. కుడి పక్క అడవి. నీడ పట్టున మంచు ఇంకా మెత్తగా ఉంది, పిల్లి బోర్డుకి అది పండగ. నాకు నరకం.

"ఎడమకే పో" అన్నారు బావగారు. "నీ బోర్డుకి అదే దారి. నేనెలాగో వస్తాలే."

ఎలాగో వచ్చే దారి కాదది, నాకు తెలుసు. మొదటి గడ్డకే పిల్లి ఎగిరిపోతుంది.

"గైడు ఎవరు బావగారూ, నేనా మీరా?" అని కుడికి తిరిగాను.

కొంత దూరం దిగి ఒక పెద్ద చెట్టు కింద ఆగాను. ఒకరి తరువాత ఒకరు రావాలి, అదీ నియమమే. వాకీటాకీ తీశాను. నా పక్కనే ఎమిల్‌బెక్ చెవి పెట్టి నిలబడ్డాడు. పేరు చెప్పాలి, రెండుసార్లు. నోరు తెరిచాను. దూడ గుర్తొచ్చింది. పేరు మాత్రం రాలేదు.

"బావగారూ... బావగారూ."

అటు నుంచి చప్పుడు లేదు. ఎమిల్‌బెక్ కలం ఎత్తాడు. నా ప్రాణం చెవుల్లోకి వచ్చింది.

గరగరమని శబ్దం. తరువాత ఆ గొంతు. "బావగారు వింటున్నాడు. చెప్పమ్మా."

"ఇదేం పద్ధతి?" ఎమిల్‌బెక్ అడిగాడు.

"మా ఇంటి పద్ధతండి."

అతని ఇంట్లోనూ కోడళ్ళు ఉంటారు కదా, ఒక్క క్షణం నన్ను చూసి కలం దించాడు.

తరువాత అరగంట చెట్ల మధ్య నేను పడిన పాట్లు పగవాడికి కూడా వద్దు. ప్రతి మలుపులో నల్లదుంగని గొర్రెపిల్లలా ఎత్తి పక్కన పెట్టాను. తొడలు వణికాయి, పెదవి కొరికి రక్తం వచ్చింది. వెనక బావగారు మెలికలు తిరుగుతూ హాయిగా వచ్చారు. ఈసారి మాత్రం "ఛీ, మెత్తది" అనలేదు.

చివరికి బండి దారి. గాజుమంచు. ఊరంతా కంచె పక్కన నిలబడి చూస్తోంది. ఇక్కడ పిల్లి బోర్డుకి అంచు పట్టదు, ఆ చలికాలమంతా ఊరు చూసిన నాటకమే అది. నేను పది అడుగులు దిగువన అడ్డంగా నిలబడ్డాను. అంచు మంచులోకి పూర్తిగా దించాను, పూర్తి మనసుతో.

"రండి. ఆగలేకపోతే నా మీదికే రండి."

ఆయన వచ్చారు. జారారు. చేతులు గాలిలో కొట్టుకున్నాయి. సల్తనత్ అక్క కెవ్వుమంది. గులాబీ ముక్కు వచ్చి నల్లదుంగకి టక్కున తగిలింది. నల్లదుంగ కదల్లేదు, నేనూ కదల్లేదు. ఆయన ఊగి, ఊగి, నిలబడ్డారు.

మళ్ళీ పది అడుగులు, మళ్ళీ టక్కు. అలా పదిహేడు టక్కులకి కొట్టు గుమ్మం చేరాం. ఆయన పడలేదు.

ఎమిల్‌బెక్ అందరి ముందూ అన్నాడు. "తన బోర్డుకి నచ్చిన దారిలో ఎవరైనా దిగుతారు. ఈమె వెనకాయన బోర్డుకి నచ్చిన దారి ఎంచింది. లైసెన్సు ఇస్తున్నాం."

మెదెర్ నన్ను ఎత్తుకుని తిప్పాడు. కుబాన్ వచ్చి, "వదినా, ఆ బోర్సోక్‌ల మాట వెనక్కి తీసుకుంటున్నా" అన్నాడు. నవ్విన నాపచేనే పండింది మరి.

మరునాడు నల్లదుంగని కడిగి, తుడిచి, మైనం రాసి తీసుకెళ్ళాను. బావగారు గుర్రాలకి గడ్డి వేస్తున్నారు. గుమ్మంలో సల్తనత్ అక్క పాల మీది కైమాక్ మీగడ తీస్తోంది.

"అక్కా, బావగారి కొత్త బోర్డు వచ్చిందా? డ్రైవరు కూతురి పెళ్ళయిపోయి ఉంటుందిగా."

అక్క గరిటె ఆపేసి నన్ను వింతగా చూసింది. "ఏ బోర్డే? ఏ డ్రైవరు? ఈ మనిషి జన్మలో అల్మాటీకి ఒక్క ఫోను చేశాడా? నీకిచ్చేస్తే తనకేం మిగులుతుందని అడిగా. 'ఆ పిల్ల వంగను అంది. వంగనోళ్ళకి ఆనుకోడానికి గట్టిది ఉండాలి' అన్నాడు. అంతే, వెళ్ళి ఆ పిల్లిని తెచ్చుకున్నాడు."

ఆ చలికాలమంతా ఊరి ముందు జారిన జారుళ్ళు, పడిన పాట్లు, కొట్టు దగ్గర వేసిన కేకలు, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. ఏడుపొచ్చేలా ఉంది, ఆపుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను.

"బావగారూ, మీ బోర్డు."

ఆయన గడ్డి కింద పెట్టి, చేతులు దులుపుకుని, బోర్డు అందుకున్నారు. మోకాలికి అడ్డంగా పెట్టారు. నొక్కారు. తిప్పి మళ్ళీ నొక్కారు. చాలాసేపు చూశారు, దాని ఒంటి మీద గీతలన్నీ వేలితో తడిమారు. తరువాత తల అడ్డంగా ఊపారు.

"వంగింది."

"ఎక్కడ బావగారూ?"

"నీకు కనపడదులే. వెంట్రుకవాసి. చెట్ల మధ్య అంత తిప్పావు కదా, వంగదూ మరి? వంగిన సరుకు నా గడపలో పెట్టను. పట్టుకుపో."

"మరి మీకు?"

"అల్మాటీ నుంచి వస్తోందిగా."

వెనక నుంచి సల్తనత్ అక్క గొంతు. "డ్రైవరుకి ఇంకో కూతురుందిలే!"

ఇంటికి తెచ్చాక మెదెర్ తన మోకాలికి పెట్టి నొక్కి చూశాడు. మా ఆయన తొంభై ఎనిమిది కిలోలు. మొత్తం బరువు వేశాడు. మూడు రోజులు కుంటాడు.

ఈ చలికాలం నా వెనక అతిథులు వస్తున్నారు. నిన్న పొద్దున్న పది మందితో అడవి అంచున ఆగాను. చెట్ల మధ్య నుంచి గొర్రెచర్మం టోపీ ఒకటి మెలికలు తిరుగుతూ, ఈల వేసుకుంటూ దిగుతోంది. కాళ్ళ కింద గులాబీ పిల్లి. నన్ను చూడగానే ఈల ఆగిపోయింది, మొహం ముడుచుకుంది.

"ఛీ, మెత్తది" అన్నారు బావగారు. అని, ఇంకొక్కసారి దిగడానికి గుర్రం కోసం చూశారు.